గీసిన గీత మీద మళ్ళీ

మొదట్లో మా చేతిలో ఉన్నది ఇదీ: స్కూల్లో ఆఖరి ఏడాది చదువుతున్న కూతురు, ఐదు సబ్జెక్టుల్లో సగటున ఎనభై నాలుగు మార్కులు. ఎనభై మూడు దాటితే కాలేజీవాళ్లు సగం ఫీజు మాఫీ చేస్తారు. ఎనభై ఐదు ఉంటే మొత్తం. మిగతా సగానికి నేను అప్పు చేద్దామనుకున్నాను.

అమ్మాయి ఒప్పుకోలేదు. ఫిజిక్స్‌లో డెబ్బై రెండే వచ్చాయి, మళ్ళీ రాస్తానంది. రాయొచ్చు. కానీ కొత్త మార్కే లెక్క, పాతది కొట్టేస్తారు. తగ్గితే చేతిలో ఉన్న సగమూ పోతుంది.

నాది కిటికీ అద్దాలు కోసి అమ్మే కొట్టు. "గీసిన గీత మీద రెండోసారి కట్టర్ పెట్టకూడదమ్మా, ముక్క చెడుతుంది" అన్నాను.

"చెడితే నువ్వు ఇంకో షీటు తీస్తావు నాన్నా. అప్పు తెస్తే ఎక్కణ్ణుంచి తీరుస్తావు?"

"బేరాలన్నీ కొట్లో ఆడుకోండి, దాన్ని చదువుకోనివ్వండి" అంది మా ఆవిడ. అన్నదే గాని, ఆ వారమంతా కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. మేమూ అడగలేదు.

పరీక్ష రోజు గేటు దగ్గర నిలబడ్డాను. టైము అవకముందే అమ్మాయి బయటికొచ్చింది. ఎదురెళ్లాను.

"అప్పుడే వచ్చేశావేంటమ్మా?"

"తెలిసిందంతా రాసేశాను."

"అన్నీనా?"

"ఒకటి వదిలేశాను. పది మార్కులది."

దారంతా లెక్క వేస్తూనే ఉన్నాను. కావలసింది డెబ్బై ఏడు. పది పోగా మిగిలింది తొంభై. అందులో పద్నాలుగు జారితే చాలు, మునిగిపోతాం.

ఫలితాలు వచ్చేదాకా కొట్లో కొలతలు తప్పుతూనే ఉన్నాయి. ఒకాయన కిటికీకి అద్దం వేలెడు పొట్టిగా కోశాను. "పడెయ్యకండి, మీ ఫోటోకి కట్టిద్దాం" అంది మా ఆవిడ. నవ్వబోయి ఇద్దరం ఆగిపోయాం.

ఆ పొద్దున అమ్మాయి ఫోను పట్టుకుని ఎంతకీ పలకలేదు.

"చెప్పవే, ప్రాణం పోతోంది!" అంది వాళ్లమ్మ.

"డెబ్బై తొమ్మిది."

సగటు ఎనభై ఐదు దాటింది. ఆవిడ దేవుడికి దణ్ణం పెట్టుకుంది. అమ్మాయి మాత్రం ఫోన్లో కాలేజీవాళ్ల ఫీజు మాఫీ నిబంధనలు తెరిచి చదువుతోంది.

"నాన్నా, కింద ఇంకో షరతుంది. ఏటా ఎనభై ఐదు నిలబెట్టుకుంటేనే తర్వాతి ఏడాది ఇస్తారట."



లెక్క తేల్చితే, నాలుగేళ్ల చదువులో జమ అయింది ఒక ఏడాది ఫీజు. మిగతా మూడేళ్లకీ ప్రస్తుతానికి నా దగ్గర నిల్వ ఉన్నది భయమే.