నేను గీసిన ఏడు గీతలు

ఇవాళ ఇంట్లో అమ్మ, తొమ్మిదో నెల గర్భిణి అయిన అక్క, బావ, నేను ఉన్నాం. రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక అక్క పక్కకు తిరిగి పడుకుంటుంది. బిడ్డ కదిలిందని తను చెప్పినప్పుడల్లా నేను పుస్తకంలో ఒక గీత గీస్తాను. రెండు గంటల్లో పది గీతలు రావాలని, తగ్గితే వెంటనే రమ్మని నర్సమ్మ చెప్పింది.

నిన్న మూడు గీతలకే అక్క నిద్రపోయింది. లేపడానికి మొహమాటపడి, మిగతా ఏడూ నేనే గీసేశాను.

ఈ పొద్దున అక్క కడుపు మీద చేయి వేసుకుని, "అమ్మా, వీడికి ఉలుకూ పలుకూ లేదే" అంది.

"నిన్న పది తన్నులు తన్నాడుగా! నీలాగే మొద్దు నిద్ర" అని అమ్మ నవ్వింది. బావ కూడా పుస్తకం తిరగేసి, స్థిమితపడి, పనికి బయలుదేరాడు.

ఆయన గుమ్మం దాటుతుంటే వెళ్ళి అడ్డం నిలబడ్డాను.

"బావా, ఏడు గీతలు నేనే గీశాను. నిన్న మూడే."

ఎవరూ తిట్టలేదు. దాంతో ఇంకా భయమేసింది. "అత్తయ్యా, ఆసుపత్రికి పదండి" అంటూ బావ అక్కను నడిపించుకుంటూ వెళ్ళి కారెక్కించాడు.

నేనూ వెనకే పరిగెత్తాను. "అమ్మా, నేనూ వస్తానే!"

"నువ్వు చేసింది చాలు తల్లీ" అని అమ్మ కారు తలుపు వేసేసింది.