ఏడు ఎర్ర వరసలు

పేకదారం లాగి ఇనప పళ్ళ దువ్వెనతో నాలుగు దెబ్బలు వేస్తే సరిపోయే చోట కిజ్‌బస్ తొమ్మిది వేసింది. ఆ చివరి ఐదూ మగ్గానికి కాదు, పక్కన కూర్చున్న తూతీకి. తూతీ ఊరుకుంటుందా? తనూ తొమ్మిది వేసింది. గుడారం నీడలో పడుకున్న కుక్క లేచి, ఇక్కడ లాభం లేదనుకుని ఎండలోకి పోయింది.

నేల మీద నాలుగు మేకులకు బిగించిన మగ్గం. ఎడమ కొసన కిజ్‌బస్, కుడి కొసన తూతీ. ఇద్దరూ తోడికోడళ్ళు. మాటలు లేక పదకొండేళ్ళయింది. రెండు మగ్గాలకు సరిపడా ఉన్ని ఆ ఇంట ఏనాడూ లేదు కాబట్టి మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుని నేస్తారు. తగిలితే మాత్రం నిప్పు అంటుకున్నట్టు వెనక్కి లాక్కుంటారు. చెప్పాల్సిందేమన్నా ఉంటే గుంజకు కట్టేసిన కుంటి మేకకు చెబుతారు.

"మేకా, కొందరి ముడులు చూస్తే నీ కాలు గుర్తొస్తోందే," అంది కిజ్‌బస్.

"మేకా, ముసలాళ్ళకు చూపు ఆనదు. నువ్వు పట్టించుకోకు," అంది తూతీ.

కిజ్‌బస్ అంటే 'ఆడపిల్లలు చాలు' అని. ఐదో ఆడపిల్లగా పుట్టినందుకు తండ్రి విసుగొచ్చి పెట్టిన పేరు. ఆ పేరు ఎంత బాగా పనిచేసిందంటే, ఆమె వెనక తమ్ముడు పుట్టాడు, ఆమె కడుపున కూడా ముగ్గురూ మగపిల్లలే పుట్టారు. అరవై ఏళ్ళలో ఇరవై మూడు తివాచీలు నేసింది. అన్నీ పిండికీ, టీకీ, చక్కెర గడ్డలకీ షిరాజ్ బజారుకు పోయాయి. ఒక్కదాని మీద కూడా తీరిగ్గా కూర్చుని ఆమె టీ తాగిన పాపాన పోలేదు. మంజిష్ఠ రంగు గోళ్ళ సందుల్లో ఎర్రగా ఉండిపోయింది. దారం తెంపే కత్తి రాసీ రాసీ బొటనవేలు కాయ కాచింది.

ఆమెకంటూ ఉన్నది ఒక్కటే. మూల తిప్పడం. అంచు పొడుగునా నడిచే పిట్టలు తివాచీ చివరికొచ్చేసరికి పక్కకు తిరగాలి. ఎవరి అంచులోనైనా అక్కడ ఓ పిట్ట తల తెగుతుంది, లేదా రెండు పిట్టలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. కిజ్‌బస్ పిట్టలు మాత్రం దారి తెలిసిన గొర్రెల్లా ఒక్కటీ తెగకుండా తిరుగుతాయి. ఏ వరసలో ఏ రంగు ముడులు ఎన్నో, ఇరవై వరసల లెక్క అది. అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి తనకు వచ్చింది. కూతురుంటే కూతురికి పోయేది.

పదకొండేళ్ళ కిందట తూతీ ఆ అంచును ఓరకంట చూసి చూసి నేర్చేసుకుంది. తెగ పెద్ద ఖాన్ గారి ఇల్లాలు బీబీ మెప్పు కోసం ఆవిడ గుడారంలోనే నేసింది. మూల దగ్గరికొచ్చేసరికి పిట్టలన్నీ కుప్పగా పడ్డాయి. బీబీ ఎదుట, పదిమంది ఆడవాళ్ళ ఎదుట, కిజ్‌బస్ పొట్ట పట్టుకుని నవ్వింది. "దొంగిలించినా సగమే దొంగిలించావటే! దొంగతనం కూడా సరిగ్గా చేతకాదు," అంది. ఆ నవ్వు తూతీ మరిచిపోలేదు, ఆ దొంగతనం కిజ్‌బస్ మరిచిపోలేదు. అప్పట్నుంచి తూతీ నీళ్ళకో రొట్టెలకో లేచినప్పుడు కిజ్‌బస్ మూలలు రెండువైపులా తనే నేసుకునేది. ఈ తివాచీ కింది మూలలు కూడా అలాగే నేసి, ఎవరి కంటా పడకుండా పైన కంబళి ముక్కలు కుట్టేసింది.

ఇప్పుడు పైమూలలు వచ్చాయి. రేపు తెల్లారితే అందరూ ఎండాకాలపు కొండలకు బయలుదేరాలి. పెద్దకొడుకు అయాజ్ గుడారంలోకి తొంగిచూశాడు.

"అమ్మా, పొద్దున్నే మేకులు పీకేస్తా. తర్వాత నన్ననొద్దు."

"మధ్యలో పీకితే పడుగు సాగిపోద్దిరా, లెక్క మళ్ళీ కుదిరి చావదు. ఇవాళే అయిపోద్ది, పో."

"మొహం అలా పాలిపోయిందేంటే?"

"నీడలో కూర్చున్నా, అందుకు. పో అన్నానా!"

అవదని ఆమెకు తెలుసు. మూడు రోజులుగా గుండెలో ఎవరో పిడికిలి బిగిస్తున్నట్టుంది. నిన్న నీళ్ళతిత్తి ఎత్తబోతే కళ్ళు చీకట్లు కమ్మాయి. అటు కొసకు జరిగి తూతీ వైపు కూడా నేసేంత ఊపిరి లేదు. మూల పూర్తి కావాలంటే లెక్క పైకి చెప్పాలి. చెబితే ఈ దొంగమొహానికి దక్కుతుంది. చెప్పకపోతే తనతోపాటు మట్టిలోకి పోతుంది. దీనికా, పోయి పోయి దీనికా ఇవ్వాల్సింది, అని ఏడుపొచ్చింది. ఏడ్చే అలవాటు లేక ఉమ్మేసింది.

"మేకా," అంది చివరికి. "చెవులున్నాయా, వాటిని కూడా మేసేశావా? ఎరుపు రెండు. నీలం ఒకటి. తెలుపు ఒకటి. మళ్ళీ ఎరుపు మూడు."

తూతీ చెయ్యి ఆగిపోయింది.

"మేకా, నాకెవరి ముష్టీ అక్కర్లేదని చెప్పు."

"మేకా, ఊపిరాడక చెబుతున్నా, ప్రేమ పొంగిపొర్లి కాదు. ఆ వేళ్ళు కదిపి చావమను."

తూతీ ముడి వేసింది. చటుక్కున దారం తెంపి, తెంపిన ముక్కను మేక మీదికి విసిరింది.

వరస వెంట వరస సాగింది. మధ్యాహ్నం రొట్టె, మజ్జిగ అక్కడే కానిచ్చారు. "పసుపు రెండు. మేకా, అదేం పసుపే, కళ్ళు పెనం మీద పెట్టి వచ్చిందా?" "మేకా, అది పసుపే. అరవకుండా ముందుకు పొమ్మను." పదో వరసకు మొదటి పిట్ట మెడ పక్కకు తిరిగింది, చక్కగా, ఒక్క ఈక చెదరకుండా. తూతీ దానివంక నోరు తెరుచుకు చూస్తూ ఉండిపోయింది. కిజ్‌బస్ అది గమనించింది. ఆమెకు గర్వంగా అనిపించింది, దాంతోపాటే ఒళ్ళు మండింది కూడా.

పొద్దు కాస్త వాలేసరికి పదమూడు వరసలయ్యాయి.

"ఎరుపు ఒకటి," అంది కిజ్‌బస్. "తెలుపు..."

తూతీ ఎర్ర ముడి వేసి, తెల్ల ఉన్ని తీసుకుని కాచుకుంది.

"మేకా, తెలుపు ఎన్ని?"

మేక నెమరేస్తోంది.

"మేకా, నోరు పడిపోయిందేమో అడుగు. తెలుపు ఎన్నంటే!"

విసురుగా కదలడంతో మోకాలు మోకాలికి తగిలింది. అవతలి మోకాలు ఈసారి వెనక్కి పోలేదు. తూతీ తల తిప్పి చూసింది. కిజ్‌బస్ నుదురు పడుగు దారాల మీద ఆనించి ఉంది. దువ్వెన చేతిలోనే ఉంది.

"అక్కా," అంది తూతీ. "తెలుపు ఎన్నక్కా?"

పొద్దు గుంకకముందే కిజ్‌బస్‌ను దారి పక్క వాలులో పాతిపెట్టి రాళ్ళు పేర్చారు. ఆడవాళ్ళంతా జుట్టు విరబోసుకుని ఏడుస్తుంటే తూతీ మాత్రం రాళ్ళకేసి చూస్తూ, "సగంలో పోయింది చూడు, పాపిష్టిది. పోతూ పోతూ కూడా నన్ను సాధించింది," అంది. తెల్లారగానే అయాజ్ మేకులు పీకి మగ్గాన్ని చుట్టేశాడు.

నెల తర్వాత కొండ మీద మళ్ళీ మేకులు దిగాయి. తూతీ రెండు రోజులు మగ్గం ముందు ఊరికే కూర్చుంది.

"పిన్నీ, కింది మూలల్లో అమ్మ నేసింది ఉందిగా. ఆ కంబళి విప్పి చూసి నేసెయ్. ఎవరడుగుతారు?" అన్నాడు అయాజ్.

"అడిగే మనిషి పోయాక విప్పితే దాన్నే దొంగతనం అంటార్రా," అంది తూతీ. "పదమూడు నాకు చెప్పింది, అవి నావి. చెప్పని ఏడూ దానివి. నోరు మూసుకుని ఆ ఎర్ర ఉన్ని ఇటియ్యి."

చలి మొదలవుతుండగా తివాచీ ఒంటె మీదికెక్కి షిరాజుకు పోయింది. పైమూలల్లో పిట్టలు తలలు తిప్పి పదమూడు వరసలు నడిచాయి, ఆ తర్వాత ఏడు వరసలు ఉత్త ఎరుపు. కింది మూలల మీద కిజ్‌బస్ నల్ల మేకవెంట్రుకల దారంతో కుట్టిన కంబళి ముక్కలు ఒక్క కుట్టూ తెగకుండా అలాగే ఉన్నాయి.