ఏ దేశం నీళ్లు

బిందె చంకన పెట్టుకొని నేను వరసలో నిలబడి ఉన్నాను, ఆ వరస పలాస స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద మొదలై పట్టాలు దాటి జీడితోటల్లోకి వెళ్లిపోతోంది, కానీ వరసలో మనుషులు లేరు, బిందెలే ఉన్నాయి, మా ఊళ్లో నీళ్ల ట్యాంకరు వచ్చే రోజున మనకు బదులు బిందెనే వరసలో పెట్టి ఇంటికి పోయి పొయ్యి రాజేసుకుంటాం కదా, అలాగన్నమాట, ఒక్కో బిందె ఒక్కో మనిషి, మెడ దగ్గర సొట్టపడి నా ముందున్న స్టీలు బిందె మా నీలవేణిదని చూడగానే తెలిసిపోతోంది, ఎందుకంటే ఆ సొట్ట మా గుమ్మానికి తగిలి పడిందే.

నీలవేణి నా కూతురు. చనిపోయింది. ఆ సంగతి నాకు ఇక్కడ కూడా గుర్తుంది గానీ, ఎదురుగా మనిషి ఉండగా ఆ మాట ఎత్తడం మర్యాద కాదని ఊరుకుంటున్నాను.

బిందె వెనకాల నీలవేణి చెక్కపీట ముందు వేసుకొని కూర్చుని జీడిపిక్కలు కొడుతోంది, పెళ్లికి ముందు నుంచీ చేసిన పనే అది, పిక్కల నూనెకు వేళ్లన్నీ మాడి నల్లబడి ఉన్నాయి, తలెత్తకుండానే అడుగుతోంది, "ఏటమ్మా, ఇంత ఆలీసెం సేసినావు?"

"వరస కదలట్లేదే తల్లీ."

"బిందెలు వోటికవి కదుల్తాయేటి? మనుసులు కదపాల."

"నీ యేళ్ల నలుపు ఇంకా పోలేదేటే?"

"సచ్చినా పోదని అనుకునేవోళ్లం కదేటి, నిజిమే అయింది," అని నవ్వుతోంది, నేనూ నవ్వుతున్నాను, నవ్వుతూనే కొంగు బిగించి పట్టుకుంటున్నాను, అది చూసేసింది, చిన్నప్పుడు బెల్లంముక్క దాచినా అలాగే చూసేసేది.

"కొంగులో ఏటి?"

కొంగులో రెండు ఆకు పొట్లాలున్నాయి. ఒకదాంట్లో ఎర్ర మందారం, ఒకదాంట్లో తెల్ల నందివర్ధనం, రెండూ అడ్డాకులో ఒకేలా చుట్టి దారం కట్టినవి. మా వైపు ఏ సంగతీ తేలనప్పుడు అమ్మవారి ముందు ఇలా పూలు పెట్టి అడుగుతాం, స్నానం చేసి కళ్లు మూసుకొని ఒకటి తీస్తే ఏ పువ్వొస్తే అదే అమ్మవారి మాట. సంబంధాలు అలాగే కుదుర్చుకున్నాం, బావి ఎక్కడ తవ్వాలో అలాగే తేల్చుకున్నాం. ఇప్పుడు అడగాల్సింది మాత్రం దేశం సంగతి. నీలవేణి కూతురు హైమ నర్సు చదువు చదివింది, విశాఖపట్నంలో ఉద్యోగాలిప్పించే ఆఫీసువాళ్లు కువైటులో ఆస్పత్రికి పోతావా, జపానులో ముసలివాళ్లను చూసుకునే ఇంటికి పోతావా, పొద్దున్నే తేల్చి చెప్పమన్నారట, దాని తండ్రీ కిడ్నీలు పాడయ్యే పోయాడు, తల్లీ అలాగే పోయింది, మా ఉద్దానంలో ఇంటికొకరు ఉన్నారు ఇలాంటివాళ్లు, ఎందుకొస్తోందంటే ఒకరు నీళ్లంటారు, ఒకరు ఎండంటారు, ఒకరు తల గోక్కుంటారు, ఈ పిల్లకైనా ఆ గతి పట్టకుండా ఇక్కణ్నుంచి దాటించేస్తే చాలని నేను దేవుళ్లందరికీ మొక్కుతున్నాను, అదేమో "నాకేటీ తేలట్లేదు అమ్మమ్మా, నువ్వే పూలు పెట్టు" అని నా నెత్తిన పెట్టింది. ఇదంతా నేను నీలవేణికి చెబుతున్నానో, చెప్పకుండానే దానికి తెలుస్తోందో, తెలియడం లేదు.

పొట్లాలు రెండూ తీసుకొని ముక్కు దగ్గర పెట్టుకుంటోంది. "వోసన లేని పూలే దొరికినాయేటి నీకు?"

"వోసనుంటే కళ్లు మూసుకున్నా తెలిసిపోద్ది కదే. నాయంగా ఉండాల."

"అమ్మోరి కాడ కూడా నీ నాయమేనా! ఏది ఏ దేసం?"

"ఎర్రది కువైటు, తెల్లది జపాను. నాకు మటుకు జపానంటే బయ్యం. జపానోడు విశాపట్నం మీద బాంబులేసినప్పుడు జనాలు పిల్లల్ని సంకనేసుకొని మనూరొచ్చి తలదాసుకున్నారని మాయమ్మ సెప్పేది."

నీలవేణి పిక్కలు కొట్టే కర్ర పీట మీద పెట్టేసి పొట్ట పట్టుకొని నవ్వుతోంది. "ఓలమ్మ! ఆ బాంబేసినోడు ఇంకా బతికుంటే మూడుకాళ్ల ముసిలోడయ్యుంటాడే. ఇప్పుడాడికి గంజి తాగించడానికే మన హైమ గుంటని రమ్మంటన్నారు." అది అలా అంటుండగానే వరసలో ఒక ముసలాయన కనిపిస్తున్నాడు, చేతిలో చిన్న గిన్నె పట్టుకొని ఎవరైనా పోస్తారేమోనని చూస్తున్నాడు, నాకు భయం వెయ్యడం లేదు, పాపం అనిపిస్తోంది.

"కువైటులో సముద్రం నీళ్లనే తియ్యగా సేసి తాగుతారట," అంటున్నాను.

"సముద్రం మనకీ ఉంది కదేటి. మరి మనకెవుడూ సెయ్యడేం?"

దాని బతుకంతా నన్ను ఇలాంటివే అడిగింది, నేనేమో "బువ్వ తిను" అనేదాన్ని.

అంతలో జీడిచెట్ల మధ్య గర్రుమని మిషను మోత, చూద్దును కదా, ప్లాట్‌ఫారం బెంచీ కాస్తా ఆస్పత్రి మంచం అయిపోయింది, నీలవేణి దాని మీద పడుకొని ఉంది, చేతికి గొట్టాలు, రక్తం బయటికి పోయి కడుక్కొని మళ్లీ లోపలికొస్తోంది, నేను ఎప్పటిలాగే కాళ్ల దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాను. పెదవులు ఎండిపోయి పొట్టు లేస్తున్నాయి. రోజు మొత్తానికి ఆ చిన్న స్టీలు గ్లాసెడే నీళ్లన్నారు డాక్టరుగారు, అంతకు మించితే గుండెలోకి చేరిపోతాయన్నారు, అందుకని నేను తడిగుడ్డతో పెదాలు అద్దేదాన్ని, అదేమో గుడ్డను పళ్లతో పట్టుకొని పీల్చేది.

"అమ్మా, ఒక సెంబుడు నీళ్లియ్యి. సెంబుడు ఇచ్చినావంటే ఏ పొట్లం తియ్యాలో సెప్తాను."

"డాక్టరుగారు..."

"ఇక్కడ డాక్టరెవుడే?"

నిజమే, ఎవరూ లేరు. నేను లేచి సొట్టబిందె రెండు చేతులతో వంచుతున్నాను, బిందె నిండుగా ఉంది, నీళ్లు అంచుదాకా వచ్చి ఊగుతున్నాయి, ఎంత వంచినా చుక్క జారడం లేదు, తలకిందులు చేసినా గడ్డకట్టినట్టు అలాగే ఉన్నాయి, వేళ్లు ముంచితే వేళ్లు తడుస్తున్నాయి, దోసిట్లోకి తీస్తే దోసిలి ఖాళీ. ముసలాయన గిన్నె కూడా అడిగి తెచ్చి ముంచుతున్నాను. రావడం లేదు. చివరికి తడిసిన వేళ్లే దాని పెదాల మీద పెడుతున్నాను, అది పసిపిల్లలా చప్పరించి, "ఉప్పుగా ఉన్నాయే," అంటోంది.

"పోనీ, నాను ఇయ్యలేకపోయాను. గుంట కోసమైనా సెప్పు తల్లీ. కువైటా, జపానా? నీ కూతురే కదా."

నీలవేణి నా వంక జాలిగా చూస్తోంది. "నాకేటి తెలుసే అమ్మా? సచ్చిపోతే అన్నీ తెలిసిపోతాయనుకుంటారేటి మీరు? పిక్కల బట్టీ, సికాకులం ఆస్పత్రి, ఈ రెండూ తప్ప నాను ఏ దేసం సూసినాను? నువ్వొస్తే నిన్నడుగుదామని నాను కూకున్నాను."

ఇంతకాలమూ అది ఎక్కడో పైన ఉండి పిల్లను చూసుకుంటోందని ధైర్యంగా ఉన్నాను. అదీ నాలాగే వరసలోనే ఉందన్నమాట.

"అయినా ఏ దేసమైనా ముందు నీ రగతం సూపియ్యమంటాది," అంటోంది నెమ్మదిగా. "రెండు దేసాలూ అంతే. మంచి రగతమైతేనే మంచినీళ్లు పోస్తారు." అని దుప్పటి తొలగించి పాదం నా ఒళ్లో పెట్టి నా బొటనవేలు పట్టుకొని చీలమండ పక్కన నొక్కుతోంది. వేలు లోపలికి దిగుతోంది, మెత్తటి పిండిలోకి దిగినట్టు. కిడ్నీలు పాడై కాళ్లకు నీరు పట్టిందని మొదట్లో ఇలాగే తెలిసింది మాకు, పట్టీల ముద్రలు కాలికి పడుతున్నాయంటే బిగుతైనాయి, కంసాలికిచ్చి వదులు చేయిద్దాం అనుకున్నాం. వేలు తీస్తున్నాను. వేలు దిగిన గుంట అలాగే ఉంది. పూడడం లేదు. చూస్తుండగా దాని అడుగున నీళ్లూరుతున్నాయి, నిర్మలంగా, తియ్యగా ఉంటాయనిపించే నీళ్లు, బిందెలన్నీ గలగలమంటూ వాటి కోసం కదిలి వస్తున్నాయి, "అమ్మా, వరస కదిలింది, ఎల్లు బేగి," అంటోంది నీలవేణి, ఎటు వెళ్లాలే అని అడుగుతున్నాను, మిషను మోత పెద్దదవుతోంది.

అది మా ఇంటి ఫ్యాను మోత. తెల్లారింది. కిటికీలోంచి వెలుతురు వచ్చి అమ్మవారి పటం ముందున్న ఇత్తడి పళ్లెం మీద పడుతోంది, పళ్లెంలో ఆకు పొట్లాలు రెండూ రాత్రి పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, పూలు వాడిపోకుండా నేను చల్లిన నీళ్లు ఇంకా ఆరలేదు. నా పక్కన చాప మీద హైమ బోర్లా పడుకొని ఉంది. రోజూ పడుకునే ముందు పట్టీలు తీసి గూట్లో పెట్టే పిల్ల, రాత్రి ఆలోచనల్లో పడి మరిచిపోయినట్టుంది. ఎడమకాలి పట్టీ కొంచెం పైకి జరిగింది. అది ఉన్నచోట చర్మం మీద మువ్వల వరస అచ్చు గుద్దినట్టు ఉంది.

రాత్రంతా పెట్టుకు పడుకుంటే ఎవరికైనా పడుతుంది ముద్ర. నాకూ పడేది, పెళ్లయిన కొత్తలో.

వంగి, చీలమండ పక్కన బొటనవేలు పెట్టి నొక్కాను. పిల్ల ఒంటి వెచ్చదనం తగులుతోంది. అది కళ్లు తెరవకుండానే, "అమ్మమ్మా, పూలు తీసినావేటి? ఏదొచ్చింది?" అని అడుగుతోంది.

"ఇంకా లేదే. పడుకో," అన్నాను.

వేలు ఎత్తి చూడాలి. చెయ్యి రావడం లేదు.