గువాహటికి రెండుముక్కాలు గంట

మునిలక్ష్మి చొక్కా మీద నీళ్ళు చిలకరించి, కాలరు మీద ఇస్త్రీపెట్టెను అదిమి లాగుతుండగా ఫోను మోగింది. తిరువళ్ళూరు పక్కనున్న మణవాళనగర్‌లో ఇస్త్రీ తోపుడుబండి వెనక ఏళ్ళ తరబడి నిలబడి ఆమె కుడిభుజం కిందికి జారింది. అరచేతి చర్మం బొగ్గుల వేడికి చెక్కలా గట్టిపడింది.

ఫోన్లో ఎలుమలై. భర్త తణికాచలం నడిపే లారీలో క్లీనరు.

"వదినా, గువాహటి కాడ అన్నకి గుండెనొప్పి వచ్చింది. బండి ఓరంగా నిలిపినాకే పడిపోయినాడు. ఆస్పత్రిలో ఉండాడు. డాక్టరు నిన్ను సీక్రం రమ్మంటా ఉండాడు."

చొక్కా కోసం వచ్చిన రఘునాథ్ ఆమె మొహం చూసి సంగతి అడిగాడు. కంపెనీ పనిమీద తరచూ విమానాల్లో తిరిగే మనిషి.

"యాడుంది నాయనా ఆ ఊరు? లారీకి వారం పడతాదంటాడే ఆయన."

అతను తన ఫోన్లో వెతికాడు. "ఆకాశదారిన పందొమ్మిది వందల కిలోమీటర్లు కూడా లేదక్కా. విమానంలో రెండుముక్కాలు గంట. చెన్నై నుంచి సాయంత్రం ఒకటుంది, నేను టికెట్ ఏస్తా. నువ్వు బయల్దేరు."

రెండుముక్కాలు గంట. తిరుత్తణి పుట్టింటికి పోయి, కొండెక్కి దిగేటంత సేపు. పెళ్ళయినప్పటినుంచీ అతను ఫోన్లో చెప్పే ఊళ్ళన్నీ లోకం చివరన ఉన్నాయనే అనుకుంది. కడుపులో బిడ్డ పోయినప్పుడు కూడా, అంత దూరంనుంచి ఎట్లా రాగలడులే అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఇన్నేళ్ళూ ఇంత దగ్గరలోనా ఉన్నాడు?

తిరువళ్ళూరులో ఎక్కిన లోకల్ రైలు అంబత్తూరు దాటి ఆగిపోయింది. ఎంతసేపటికీ కదల్లేదు. మునిలక్ష్మి తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని, దిగి పరుగెత్తడానికి ఒక కాలు కిందికి చాపింది. పక్కనున్న పూలమ్మే ముసలామె ఆమె రెక్క పట్టి లోపలికి లాగింది.

"నువ్వు పడి చస్తే ఎవురికి లాభం తల్లీ. కూసో."

కూర్చోలేదు. బండి కదిలేసరికి, కొరుక్కున్న పెదవి చిట్లి నోరంతా ఉప్పగా అయింది. సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి, ఇంకో లోకల్ పట్టుకుని విమానాశ్రయం చేరేసరికి పొద్దు వాలింది.

తనిఖీ దగ్గర సంచి విప్పించారు. మామిడి ఊరగాయ సీసా బయటికి తీసి, ఇది కూడదన్నాడు జవాను.

"ఇది లేకుంటే ఆయనకి ముద్ద దిగదు సారూ."

అతను తల అడ్డంగా ఊపి, సీసాను బల్ల చివరన పెట్టాడు.

సంచి ముడి వేసుకుంటుండగా మళ్ళీ ఫోను. ఎలుమలై.

"అన్న పోయినాడు వదినా. ఇప్పుడే. కడాకి కూడా, లచ్చిమి యాడికొచ్చిందిరా అని అడిగినాడు."

"ఏం చెప్పినావు?"

"విమానం ఎక్కేసింది, వచ్చేస్తాది అని చెప్పినా."

ఆమె ఫోను నడుముకు దోపుకుంది. అందరూ నడుస్తున్న వైపే నడిచింది. ఇక తొందర లేదు, కానీ ఆయన్ని ఇంటికి తెచ్చుకోవాలి. మలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి చూసింది. బల్ల చివరన ఊరగాయ సీసా అట్లాగే ఉంది. మూత అంచునుంచి ఎర్రటి నూనె సన్నగా కిందికి జారుతోంది.