గుర్తు తెలియని పనిమనిషి

లిఫ్టు మళ్ళీ మొరాయించింది. అదీ జూలై నెలలో, సవానా ఊళ్ళో గోడలకు కూడా చెమట పట్టే రోజున. లైబ్రరీ వెనక గుమ్మంలో ఇరవై రెండు అట్టపెట్టెలు దిగాయి. వాటిని మూడో అంతస్తుకు చేర్చే పని ఇద్దరు ఊడ్చే ఆడవాళ్ళ మీద పడింది. అందులో ఒకామె ఆరో పెట్టె దగ్గరే కళ్ళు తిరుగుతున్నాయని మెట్ల మీద కూలబడింది. మిగిలిన పదహారూ ఓజెల్లా మిమ్స్ ఒక్కతే మోసింది. ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు రెండేళ్ళ కిందటే జవాబు చెప్పేశాయి. గంటకు మూడు డాలర్ల ఎనభై సెంట్ల జీతానికి నేల తుడవాలని రాసుకున్నారు గాని, పెట్టెలు మోయాలని ఎక్కడా రాసుకోలేదు. అలాంటివి రాసుకోకుండానే చేయించుకోవడం ఆ ఊరి పెద్దమనుషులకు తాతల నాటి విద్య.

పెట్టెలు క్రెన్‌షా ఇంటివి. ఆ ఇంటి కూతురు ఆడిలైడ్ క్రెన్‌షా, చనిపోయిన తన తల్లి కాగితాలన్నీ లైబ్రరీకి దానమిచ్చింది. ఉత్తరాలు, డైరీలు, విందుల జాబితాలు, ఫొటోలు. 'మన నగర స్త్రీల జీవితాలు' అని పేరు పెట్టి మూడు వారాల్లో ప్రదర్శన పెట్టబోతున్నారు. నగర స్త్రీలంటే ఎవరో ఆ పెట్టెలు మోసిన మనిషిని అడిగితే ఇంకో రకంగా చెప్పేది, కాని ఆమెను ఎవరూ అడగలేదు.

ఆఖరి పెట్టె దించి నడుం పట్టుకుని నిలబడ్డ ఓజెల్లాకు, కాగితాలు సర్దే నోరా మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. నోరా ముప్పై ఏళ్ళ తెల్లపిల్ల, ఉత్తరాది నుంచి వచ్చింది. అందుకే కాబోలు, ఊడ్చే మనిషిని కూడా ఇంటిపేరు పెట్టి పిలిచేది.

"మిస్ మిమ్స్, మీరు ఈ ఊరివారే కదా. ఈ ఫొటోలో ఉన్నావిడ ఎవరో మీకేమైనా తెలుస్తుందా?"

ఫొటోలో క్రెన్‌షా దొరసాని గులాబీల పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. వెనకాల తెల్ల ఏప్రన్ కట్టుకున్న నల్లావిడ వెండిపళ్ళెం పట్టుకుని నిలబడింది. కింద అతికించిన చీటీ మీద టైపు కొట్టి ఉంది: 'శ్రీమతి హార్లన్ క్రెన్‌షా, గుర్తు తెలియని పనిమనిషి. 1938.'

ఓజెల్లా గ్లాసులో నీళ్ళు మొత్తం తాగింది. ఆ పళ్ళెం పట్టుకున్న చేతులు తనకు తల దువ్విన చేతులు.

"ఈ పెట్టెలు ఎవరైనా చూడొచ్చా అమ్మా?" అంది.

"ఎవరైనా చూడొచ్చండీ. చీటీ మీద పేరు రాసి ఇస్తే చాలు. పెన్ను పనికిరాదు, పెన్సిలే."

"నాలాంటివాళ్ళు కూడానా?"

నోరా మొహం ఎర్రబడింది. "ఎవరైనా అంటే ఎవరైనానే," అంది.

* * *

ఆ పనిమనిషి పేరు లూవీనియా మిమ్స్. దొరల నోట వట్టి వీనీ. క్రెన్‌షా ఇంట్లో పదకొండేళ్ళు వంట చేసింది. వారానికి మూడు డాలర్లు, రోజూ సాయంత్రం ఒక పింగాణీ గిన్నెడు మిగులు. ఆ గిన్నె కూడా జీతం కిందే లెక్క. దొరలు అలాగే అనేవాళ్ళు. అందుకే ఆ గిన్నెలో ఏముంటే అదే పిల్లల భోజనం, ఏమీ లేకపోతే ఆ పూట నీళ్ళే.

ఒక అక్టోబరు నెలలో దొరసాని బ్రూచ్ కనబడలేదు. గౌనుకు గుచ్చుకునే, కెంపులు పొదిగిన బంగారు నగ. గిన్నె పట్టుకుని వెనక గుమ్మంలోంచి రోజూ బయటికి వెళ్ళే మనిషి ఒక్కతే కదా ఆ ఇంట్లో. పోలీసులు వచ్చారు, గిన్నె మూత తీసి అన్నం కెలికారు, గుడిసె తవ్వారు, ఏమీ దొరకలేదు. దొరకకపోవడమే రుజువన్నారు. అరవై రోజులు జైల్లో బట్టలు ఉతికింది లూవీనియా. బయటికి వచ్చాక ఏ ఇంట్లోనూ వంటకు పెట్టుకోలేదు. దొరసానులంతా ఒక క్లబ్బు, ఒక మాట. రేవు దగ్గర పీతలు ఒలిచే షెడ్డులో చేరింది. పౌనుకు ఇన్ని సెంట్లని ఇచ్చేవారు. పెంకులు గీసుకుని వేళ్ళు చీము పట్టేవి.

అది తెల్లవాళ్ళు చేసింది. గోరుచుట్టు మీద రోకటి పోటులా రెండోది సొంత చర్చి చేసింది. నెల మొదటి ఆదివారం ఆడవాళ్ళంతా తెల్లబట్టలు కట్టి ముందు వరసలో కూర్చోవడం వాళ్ళ ఆచారం. చనిపోతే ఆ తెల్లబట్టలతోనే సాగనంపుతారు. లూవీనియా జైలు నుంచి వచ్చిన మొదటి ఆదివారం, చర్చి పెద్దావిడ ఇయోలా గుమ్మంలోనే ఆపి, "నిప్పు లేనిదే పొగ రాదమ్మా, ఆ బట్టలు విప్పేసి రా," అంది. పదకొండేళ్ళ ఓజెల్లా అమ్మ చెయ్యి పట్టుకుని ఆ మాట విన్నది. ఇరవై రెండేళ్ళు లూవీనియా గోధుమరంగు గౌనుతో చివరి బెంచీలో కూర్చుంది. ఆ గౌనుతోనే 1961లో పాతిపెట్టారు. ఓజెల్లా తెల్లబట్టలు కొని తీసుకువెళ్తే, సంఘం ఒప్పుకోదని ఇయోలా వెనక్కి పంపింది.

* * *

మర్నాటి నుంచి ఓజెల్లా మధ్యాహ్నం తిండి మానేసింది. ఆ అరగంటా నీలం యూనిఫారంతోనే చదివే గదిలోకి వెళ్ళి, పద్నాలుగేళ్ళుగా తాను తుడిచిన బల్ల ముందు కూర్చునేది. పక్కన కూర్చున్న ప్రొఫెసరు మొదటిరోజు తన బ్యాగు దగ్గరికి జరుపుకున్నాడు.

దొరసాని డైరీల నిండా విందులే. ఏ రోజు ఎవరొచ్చారు, ఏం వండించింది. ఎండ్రకాయ వేపుడు, టమాటా రసంలో ఉడికించిన ఎర్రన్నం, పీచ్ పండ్ల తీపి. 'అందరూ మెచ్చుకున్నారు' అని రాసుకుంది. ఎవరు వండారో రాయలేదు. ఓజెల్లాకు మాత్రం ఆ రోజులు నాలిక మీదే ఉన్నాయి. 'జూన్ 9, పన్నెండుమంది అతిథులు' అన్నచోట, ఆ సాయంత్రం గిన్నెలో అడుగంటిన ఎర్రన్నం వచ్చిందని, తమ్ముడు మాడు ముక్క కోసం ఏడ్చాడని గుర్తొచ్చింది. 'సెప్టెంబరు 2, ఆరోగ్యం బాగోలేదు, ఏమీ వండించలేదు' అన్నచోట తామంతా ఏం తిన్నామో కూడా గుర్తొచ్చింది. దొరసాని డైరీలో రాయని సగం తన కడుపులో ఉందని ఆమెకు కోపంగా అనిపించింది.

తొమ్మిదో రోజున 1939 డైరీలో నవంబరు 14 పేజీ తెరిచింది.

'చలికోటు శుభ్రానికి పంపుదామని తీస్తే బ్రూచ్ లోపలి లైనింగులో దొరికింది. ఆడిలైడే చూసింది. ఇప్పుడు కోర్టుకు వెళ్ళి మాట మార్చుకుంటే నవ్వులపాలవుతామని హార్లన్ అన్నారు. వీనీకి ఇంకా నలభై రోజులేగా మిగిలాయి. ఎక్కడా అనవద్దని ఆడిలైడ్‌కు చెప్పాను. మంచిపిల్ల, అర్థం చేసుకుంది. రాత్రి భోజనానికి తొమ్మిదిమంది. కొత్త వంటమనిషికి ఎర్రన్నం చెయ్యడం రాదు.'

ఓజెల్లా ఏడవలేదు. ఏడిస్తే కాగితం తడుస్తుందని భయపడింది. ఆ కాగితం ఇప్పుడు ఆమెకు అమ్మకంటే విలువైనది. పెన్సిలుతో అక్షరం వదలకుండా వేరే కాగితం మీదికి ఎక్కించుకుంది. తర్వాత నోరా బల్ల దగ్గరికి వెళ్ళి, "ఆ ఫొటోలో మనిషి మా అమ్మ. లూవీనియా మిమ్స్. ఇది చదువు," అంది.

నోరా నిలబడే చదివింది, రెండోసారి కూర్చుని చదివింది. "మిస్ మిమ్స్, ఇది నేను పైవాళ్ళకు చెప్పాలి," అంది.

"చెప్పమ్మా. చెప్పడానికేగా చూపించింది."

* * *

రెండు రోజుల తర్వాత ఆడిలైడ్ క్రెన్‌షా స్వయంగా వచ్చింది. చీపుళ్ళు, బకెట్లు పెట్టుకునే గది గుమ్మంలో ముత్యాల దండతో నిలబడింది. అరవై ఏళ్ళొచ్చినా, నోట్లో వేలు పెడితే కొరకలేని మొహం.

"ఓజెల్లా! నువ్వు వీనీ కూతురివా! ఎంత సంతోషంగా ఉందో తెలుసా? వీనీ మా ఇంట్లో మనిషే. నన్ను పెంచింది ఆవిడే."

"అవునండి. మీ అమ్మగారి డైరీలో చదివాను."

ఆడిలైడ్ చూపు బకెట్ల మీదికి జారింది. "అప్పుడు నాకు పదమూడేళ్ళు. మా అమ్మ చెయ్యమన్నట్టు చేశాను. ఏం చెయ్యగలను చెప్పు?"

"నాకు పదకొండండి. మా అమ్మ జైలుకి పోతే తమ్ముడికి వండిపెట్టాను. చెయ్యగలిగింది చేశాను."

"జరిగిపోయింది ఓజెల్లా. చనిపోయినవాళ్ళని బయటికి లాగడం ఎందుకు? ఫొటో కింద వీనీ పూర్తి పేరు వేయిస్తాను. సమాధి మీద చలవరాయి వేయిస్తాను, ఖర్చు నాది. ఆ డైరీ మాత్రం నలభై ఏళ్ళు మూసి ఉంచమని చెప్పాను. దానం చేసినదాన్ని, ఆ హక్కు నాకుంది. ప్రదర్శన అయిన మర్నాటి నుంచి ఎవరికీ ఇవ్వరు."

"నలభై ఏళ్ళా?"

"అప్పటికి మనం ఎవరం ఉండంలే." ఆడిలైడ్ నవ్వబోయింది. "ప్రదర్శన రోజున నువ్వు రావాలి. నా పక్కన నిలబడు, చెయ్యి కలుపుదాం. పత్రికవాళ్ళు ఫొటో తీస్తారు. మీ చర్చి ఆడవాళ్ళని కూడా పిలిచాను, రెండు పాటలు పాడతారు. నీ ఉద్యోగం సంగతి కూడా నేను మాట్లాడతాను, పింఛనుకి ఇంకో ఏడాదేనట కదా?"

ఆ చివరి మాట తీపిలో చుట్టిన బెదిరింపని ఓజెల్లాకు తెలుసు. వినగా వినగా అలవాటైన భాషే అది.

"వస్తానండి," అంది. "తప్పకుండా వస్తాను."

ఆడిలైడ్ తేలికపడి వెళ్ళిపోయింది. దానమిచ్చేటప్పుడు, ఆ కాగితాలు టోపీల గురించీ నాట్యాల గురించీ రాసుకునే పండితులే చదువుతారని ఆమె అనుకుంది. ఆ బల్ల తుడిచే మనిషికి చదువు వచ్చునన్న సంగతే ఆమె తలపుకు రాలేదు. ఇప్పుడు తెలిసినా, నకలు రాసుకుని ఉంటుందని మాత్రం ఇంకా తోచలేదు.

* * *

ప్రదర్శనకు వందమంది పైగా వచ్చారు. కరువు తీరా ఏసీ, రొయ్యల ముక్కలు, నిమ్మ షర్బతు. ఓజెల్లా తెల్లబట్టలు కట్టుకుని వచ్చింది. గోడవార కుర్చీల్లో చర్చి ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య ఎనభై అయిదేళ్ళ ఇయోలా కర్ర పట్టుకుని కూర్చున్నారు. ఫొటో కింద చీటీ మారింది: 'లూవీనియా మిమ్స్, కుటుంబానికి ప్రియమైన వంటమనిషి.'

ఆడిలైడ్ మైకు దగ్గర తల్లి గురించి పావుగంట మాట్లాడింది. "మా వీనీ 1939లో మమ్మల్ని వదిలి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా ఇంట్లో అలాంటి ఎర్రన్నం ఎవరూ తినలేదు," అంది. జనం ఆప్యాయంగా నవ్వారు. "వీనీ కూతురు ఓజెల్లా మన మధ్యే ఉంది. రా ఓజెల్లా, రెండు మాటలు చెప్పు."

ఓజెల్లా ముందుకు వెళ్ళింది.

"మా అమ్మ వదిలి వెళ్ళలేదండి," అంది. "పోలీసులు తీసుకువెళ్ళారు. ఎందుకో క్రెన్‌షా దొరసాని రాసిపెట్టింది. రేపట్నుంచి ఎవరికీ చూపించరట. అందుకని ఇవాళే చదువుతున్నాను."

పెన్సిలు రాతను మొదటి అక్షరం నుంచి చదివింది. గొంతు పెంచలేదు. 'ఆడిలైడే చూసింది' అన్న మాట దగ్గర ఆగి, ఆడిలైడ్ మొహం చూసి, ఆ మాటను ఇంకోసారి చదివింది. ఆ మొహం పాలిపోవడం చూస్తే ఆమెకు కడుపు నిండినట్టయింది. నలభై ఏడేళ్ళలో అంత నిండుగా ఎప్పుడూ తినలేదు. లైబ్రరీ పెద్దాయన "మిస్ మిమ్స్, అనుమతి లేకుండా..." అంటూ ముందుకొచ్చాడు. నోరా అతనికి అడ్డంగా నిలబడింది. 'మంచిపిల్ల, అర్థం చేసుకుంది' అని చదివినప్పుడు వెనకాల ఎవరిదో గ్లాసు కిందపడింది. ఎర్రన్నం దాకా చదివి, కాగితం మడిచింది.



ఆడిలైడ్ మైకు వదిలి దగ్గరికి వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు. అవి నిజమైనవే అయి ఉండొచ్చు. "ఓజెల్లా, అందరి ముందూ అడుగుతున్నాను. నన్ను క్షమించు," అంటూ చెయ్యి చాపింది.

గోడవార నుంచి ఇయోలా కర్ర తాటించి లేచింది. "క్షమించెయ్యి తల్లీ! ప్రభువు చూస్తున్నాడు. పాపం, అంత పెద్దమనిషి నోరు విడిచి అడుగుతోంది. మనవాళ్ళం ఎప్పుడూ క్షమించినవాళ్ళమే కదే. నీ తల్లి ఉంటే క్షమించేది."

"మీరు కూర్చోండి అవ్వా," అంది ఓజెల్లా. "మా అమ్మని పాతిపెట్టేటప్పుడు తెల్లగుడ్డ ఇవ్వనన్నది మీరే. ఆవిడ ఏం చేసేదో మీకెలా తెలుసు? ఇరవై రెండేళ్ళు ఆవిడ వెనక బెంచీలో కూర్చుంటే, మీలో ఒక్కరు తల తిప్పి చూశారా?"

ఇయోలా కుర్చీ కోసం వెనక్కి తడుముకుంది. ఎవరూ ఆమెకు చెయ్యి అందించలేదు.

"క్షమించమని ఆవిడని అడగాల్సింది," ఓజెల్లా ఆడిలైడ్ వైపు తిరిగింది. "ఆవిడ బతికుండగా, రేవు దగ్గర చీము పట్టిన వేళ్ళతో పీతలు ఒలుస్తుండగా, మీ కారు రోజూ ఆ వీధినే పోయేది. అప్పుడు అడగాల్సింది. ఇప్పుడు నన్ను అడుగుతున్నారు. నేను క్షమించను. ఇవాళా క్షమించను, రేపూ క్షమించను. మీరు రాత్రి పడుకుంటే ఆ బ్రూచ్ గుర్తు రావాలి. మీరు చచ్చేదాకా గుర్తు రావాలి."

పత్రిక మనిషి కెమెరా కంటి దగ్గర పెట్టుకుని, చేతులు కలుస్తాయేమోనని అలాగే ఆగిపోయాడు. ఆడిలైడ్ చెయ్యి చాపే ఉంది. దించితే ఏమవుతుందో ఆమెకు తెలియడం లేదు. ఓజెల్లా ఆ ఉంగరాల వేళ్ళ వైపే చూస్తూ, తన రెండు చేతులూ పక్కనే వేలాడేసి నిలబడింది.