అమ్మవారికి గడి లేదు

బడి గోడకు అంటించిన ముసాయిదా ఓటర్ల జాబితాను చంద్రకాంతమ్మ నాలుగోసారి చదివింది. భర్త సుబ్రమణ్యం పేరు ఉంది. ఆమెది లేదు. తీసేసిన పేర్ల కాగితంలో మాత్రం ఉంది. పక్కన కారణం: ఇంట్లో లేరు. ముప్పై ఏళ్లుగా వంటింటికి కాపలా కాస్తున్న మనిషికి ఆ మాట కాస్త గౌరవంగానే తోచింది. కానీ అభ్యంతరాలకు గడువు ఈ సాయంత్రం ఐదింటి వరకే. అప్పటికే మూడున్నర.

లోపల జాబితా పని చూసే అంగన్‌వాడీ టీచరు గ్రేసీ, పక్కనే పార్టీ ఏజెంటు ఢిల్లీబాబు కూర్చుని ఉన్నారు.

“నేను యాడికి పోయినానే గ్రేసీ?”

“మూడుతూర్లు వచ్చినానక్కా. వాకిలికి యాపమండలు కట్టిండారు. అమ్మవారు పోసిన ఇంట్లోకి యాడ వచ్చేది? వీధిలో నిలబడి పిలిస్తే మీరూ పలకలేదు.”

“అమ్మవారుండంగా బయటి పిలుపుకు ఎవురన్నా పలుకుతారా?”

“తెల్సక్కా. ఫారంలో చచ్చిపోయినారు, ఊరు మారినారు, ఇంట్లో లేరు, అంతే. అమ్మవారికి గడి లేదు. మీ ఇద్దరి ఫారాలూ టీ అంగడికాడ సుబ్రమణ్యం మామకిచ్చినా. ఆయనది ఆడనే రాసిచ్చినాడు. మీది రాలేదు.”

చంద్రకాంతమ్మకు గుర్తొచ్చింది. అమ్మవారు తగ్గి తను తలకు నీళ్లు పోసుకున్నాక ఉతికిన భర్త చొక్కా జేబులో ముద్దయిన కాగితం. పాత కరెంటు బిల్లనుకుని తానే పారేసింది.

“పొయ్యేటివి పోనీక్కా, మళ్లా రాయించుకోవచ్చు” అన్నాడు ఢిల్లీబాబు. “గట్టిగా ఏరితేనే దొంగ ఓట్లు పోయేది.”

“బాగానే ఏరినారప్పా. మీ నాయన పేరు అట్లే ఉండాది. ఆయన పెద్దకర్మలో వడలు వడ్డించింది నేనే.”

ఢిల్లీబాబుకు అర్జంటుగా ఫోనొచ్చింది.

గ్రేసీ కొత్త ఫారం ఇచ్చి ఆధార్ నకలు తెమ్మంది. మొదటి జిరాక్సు అంగట్లో కరెంటు లేదు. రెండోదాంట్లో పెళ్లిపత్రికలు అచ్చవుతున్నాయి. బతిమాలి, నకలు తీయించుకుని, చెప్పు తెగితే చేత్తో పట్టుకుని వచ్చేసరికి ఐదుకు ఏడు నిమిషాలు.

రసీదు చేతికిస్తూ గ్రేసీ అంది, “తుది జాబితా వచ్చే నెలక్కా.”

“అంతదాకా నేను ఉండేదాన్నా, లేనిదాన్నా?”

“విచారణలో ఉండారు.”

ఇంటికి రాగానే సుబ్రమణ్యం పేపరు దించి, “ఏమే, ఇంతసేపు యాడికి పోతివి? కాఫీ పెట్టు” అన్నాడు.

చంద్రకాంతమ్మ రసీదును ఆయన ముందు పరిచింది.

“విచారణలో ఉండా. తేలేదాకా పాలు మీరే కాచుకోండి.”