గాజుకన్ను నాలుగో భాగం

చివరి పేజీ ముందే తిప్పి చూసే చెయ్యి నీదేగా? ఆ చేతిని కాస్త ఒళ్ళో పెట్టుకుని విను. ఓపిక లేనివాడికి పుస్తకం ఎందుకు?

మంగళగిరిలో పానకాలు పొద్దున్నే మగ్గం గుంటలో దిగేవాడు. పక్కన కూర్చుని భార్య పేరమ్మ నూలు కండెలు చుట్టేది. పొద్దు వాలాక అతను బాషా అద్దెపుస్తకాల కొట్టుకి పోయేవాడు. ఆ ఏడు ఊరంతా 'గాజుకన్ను' అనే డిటెక్టివ్ నవల చదువుతోంది. మొత్తం ఆరు భాగాలు. వరసగానే చదవాలి. ఏ భాగమైనా దాటేస్తే అందులోని ఘోరం దాటేసినవాడి ఇంట్లోనే జరుగుతుంది. అది జరిగేలోగా ఆ భాగం దొరికి చదివేస్తే గండం తప్పుతుంది. రంగయ్య రెండో భాగం దాటేస్తే అందులోలాగే అతని వంటపాక తగలబడింది. ఇరుగుపొరుగు నీళ్ళు పోసి ఆర్పి, "వరస తప్పావేం?" అని చీవాట్లు పెట్టి పోయారు.

పానకాలు మూడోది ముగించేసరికి నాలుగోది కొట్లో లేదు.

"ప్రేమదాసు మాస్టారు బాపట్ల పట్టుకెళ్ళారు. సోమవారం వస్తారు" అన్నాడు బాషా.

"అయితే ఐదోది ఇవ్వు సాయిబూ."

"పడుగులో పోగు తెగితే ముడెయ్యకుండానే నేస్తావా?"

"చీర వేరు, కథ వేరు. ఇవ్వవయ్యా!"

ఐదోది పట్టుకుని ఇంటికొచ్చి మొదటి పేజీ తిప్పాడు. 'ఆ ఇంట్లో జరిగినదానికి ఊరు ఇంకా వణుకుతోంది. ఇల్లాలు ఏడుపు ఆపలేదు' అని ఉంది. ఏం జరిగిందో లేదు. పుస్తకమంతా గాలించినా లేదు.

"ఎన్నో భాగమయ్యా అది?" అంది పేరమ్మ.

"ఐదు."

"నాలుగు?"

అతను పుస్తకం మూసి చాప కింద దోపాడు. ఆమె చేతిలో కండె జారిపోయింది.

"నా పుస్తెల మీదికే తెచ్చావు గదయ్యా! సోమవారం దాకా ఆ పుస్తకం ముట్టావంటే ఊరుకోను."

"ఒట్టు. ముట్టను."

కత్తిపీట అటకెక్కింది. పొయ్యి వెలగలేదు, అటుకులు నానేసుకు తిన్నారు. వీధిలో ఎవరు దగ్గినా పానకాలు తలుపు గడియ తడిమి చూసుకునేవాడు. గోడమీద బల్లి కదిలినా లేచి కూర్చునేవాడు.

సోమవారం పొద్దున మాస్టారు రైలు దిగారని తెలిసింది. "నేను తెస్తా, నువ్వు కదలకు" అని పేరమ్మ పరుగెత్తింది.

చేతులు ఊరుకోక పానకాలు మగ్గంలో దిగాడు. నాలుగు వరసలు నేశాడు. మొన్న గాలించినప్పుడు కంటపడని ముక్క ఎక్కడో ఉండే ఉంటుందనిపించింది. ఇంకెంత, ఆమె వచ్చేలోగానే కదా అనుకున్నాడు. ఐదో భాగం తీసి మోకాలి మీద పరిచాడు. కుడిచేత్తో తాడు లాగుతూనే ఉన్నాడు. కండెని మోసే నాడె పడుగులో అటూ ఇటూ పరుగెడుతూనే ఉంది.

పడుగులో ఒక పోగు తెగింది. కళ్ళు పుస్తకంలో ఉన్నాయి. తెగిన పోగు తగిలి నాడె దారి తప్పి పైకి లేచింది. దాని కొసన ఇనపముక్కు ఉంటుంది.

పేరమ్మ నాలుగో భాగం పట్టుకుని గడపలోకి వచ్చింది. ఆ వీధి ఆమె ఏడుపు విన్నది.

ఆ భాగాన్ని పానకాలు చదవనే లేదు. చదవాల్సిన అవసరం లేకపోయింది. గుంటూరు ఆసుపత్రిలో కుడివైపు గాజుకన్ను పెట్టారు. ఉన్న కంటికి సన్నపోగు ఆనదు. ఇప్పుడు మగ్గం గుంటలో దిగేది పేరమ్మ. పానకాలు పక్కన కూర్చుని కండెలు చుడతాడు.